అక్కకు నేను మోసుకొచ్చిన మాటలు

పచ్చి చెనిక్కాయల మీద నీళ్లు చల్లితే ఒక వాసన లేస్తుంది. మొన్న అనంతపురంలో మా వీధి చివర, బండి మీద కాయలు ఉడకబెట్టి అమ్మే ఆయన పొద్దున్నే బస్తా విప్పి కాయల్ని తడుపుతూ ఉంటే, పాల ప్యాకెట్టు కోసం పోయిన నేను అక్కడే నిలబడిపోయాను. ఎర్రమట్టి, తడిసిన గోనెపట్ట, పొట్టు లోపల పప్పు తీపి, మూడూ కలిసిన వాసన అది. "ఇంగా ఉడకలేదు సార్, గంట తాళి రాండి" అన్నాడాయన. తలూపి వచ్చేశాను గానీ, పాలు మరిచిపోయానని ఇంటికొచ్చాక మా ఆవిడ చెబితే తెలిసింది. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి నేను. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన మనదాకా వచ్చిందో చెప్పడం నా బతుకుతెరువు. అయితే ఆ మాటలన్నీ నాకు మొదట పరిచయమైంది తరగతి గదిలో కంటే ఎక్కువగా ఈ వాసనలోనే, మా అక్క ఎదుట కూర్చుని.

మాది ముదిగుబ్బకు ఆవల, గుట్టల నడుమ ఒక మెట్ట పల్లె. ఉగాదికి ఓళిగలు, పీర్ల పండక్కి బొరుగులూ చక్కెరా, మిగతా దినాల్లో సంకటి ముద్దా ఊరిబిండి పచ్చడీ. చైత్రం పోయాక ఎండ బండల మిద్దెల్ని పెనాల్లాగా కాల్చేది, ఆషాఢంలో గాలి లేచిందంటే పైనేసిన కంపలతో సహా గడ్డివాములు కదిలేవి, మబ్బులు మాత్రం మా ఊరి మీదుగా ఎవరో పిలిచినట్టు తూర్పుకు పోయేవి. ముంగారు వాన వస్తుందో రాదో ఎవరికీ తెలియదు గానీ, వచ్చిన రోజు విత్తనం సిద్ధంగా లేకపోతే ఆ ఏడు తిండి లేనట్టే. అందుకని ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చుని కాయలు ఒలిచేవాళ్లం. సందేళకి విప్పే బస్తా మీద మధ్యాహ్నమే నీళ్లు చల్లి, తడి గోనె కప్పి పెట్టేది అమ్మ. కాయ ముక్కును బొటనవేలితో నొక్కి చీల్చాలి, పప్పు చిట్లకూడదు, ఎర్ర పొర ఊడకూడదు, చిట్లిన పప్పు మొలవదు. నోటితో కొరికితే అవ్వ చేతిలో జొన్నదంటు దెబ్బ. మనిషికి పూటకు ఒక పడి పప్పు లెక్క. ఏడెనిమిదేళ్ల పిల్లలకైనా అదే లెక్క.

ఊళ్లో బడి కూడా ఒక బండల మిద్దే. ఐదు తరగతులకూ కలిపి ఒకే గది, ఒకే అయ్యవారు. పామిడి దిక్కు మనిషి, ఒంటరివాడు, బడి పక్కనే చిన్న కొట్టంలో వండుకు తినేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక బలపం ముక్క ఉండేది, మాట్లాడేటప్పుడు దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండేవాడు. ఆయనకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. సాయంత్రం గంట కొట్టే ముందు బడికి సంబంధించిన ఒక మాటను నల్లబల్ల మీద రాసి, దాని ఊరేదో చెప్పేవాడు. "మనిషికి ఊరుండాది, మాటకుండదా?" అనేవాడు. ఆ మాటను మేము ఇంటికి తీసుకుపోయి పెద్దవాళ్లకు చెప్పాలి, బదులుగా వాళ్ల దగ్గరి నుంచి ఒక మాట తీసుకుని మర్నాడు పొద్దున్నే ఆయనకు అప్పజెప్పాలి. ఉత్త చేతులతో వస్తే గుంజీలు.

అలా మేము తెచ్చుకున్న మాటలు ఎన్నని! 'పలక' సంస్కృతంలో ఫలకం, అంటే చెక్క, ముందు రోజుల్లో పిల్లలు రాసింది చెక్కల మీదే. 'బలపం' ఎక్కణ్ణించీ రాలేదు, అది తాడిపత్రి దిక్కు గుట్టల్లో దొరికే మెత్తటి రాయి పేరే. 'ఓనమాలు' శివుడికి పెట్టే మొదటి దండం. 'గురువు' అంటే బరువైనవాడు, ఈ ముక్క చెప్పినప్పుడు బక్కపలచటి అయ్యవారిని చూసి మేమంతా నవ్వితే ఆయన కూడా నవ్వాడు. 'కలం' అరబ్బుల దేశం నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం రెల్లుపుల్ల. 'హాజరు' కూడా ఆ దారిన వచ్చిందే, "పీర్లు వచ్చినట్టే వచ్చినాయి, మనోటివే అయిపోయినాయి" అన్నాడు. ఒకసారి ఎవరో 'బడి' ఊరేదని అడిగితే, బలపం తిప్పడం ఆపి, "నాకు తెల్దురా" అన్నాడు. అయ్యవారికి తెలియనిది ఒకటి ఉందని ఆ రోజు మాకు తెలిసి, ఇంటికి పోతూ అదే చెప్పుకున్నాం.

ఈ మాటల వ్యాపారంలో మా అక్కను మించినవాళ్లు లేరు. అక్క పేరు ఓబుళమ్మ, నాకంటే రెండేళ్లు పెద్ద. తను నాలుగులో, నేను రెండులో. బడి నుంచి వస్తూ దారిలో గొర్రెలు కాసేవాళ్లకు, బావి దగ్గర నీళ్లు చేదేవాళ్లకు, ఎవరు కనబడితే వాళ్లకు ఆనాటి మాట చెప్పేది. మా అవ్వ దగ్గర 'పదును' అనే మాటను తీసుకుపోయింది ఒకసారి, వాన పడ్డాక నేల విత్తనానికి సరిగ్గా అదనుకొచ్చిన తడి అన్నమాట. అయ్యవారు దాన్ని నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసి, "ఈ మాటను మీ అవ్వ పంపింది, మూడు దినాలు తుడపగాకండి" అన్నాడు. మూడు రోజులూ అక్క ముందు వరుసలో కూర్చుని దాన్నే చూసింది. దసరాకు ఆయుధపూజ రోజు నాయన గొర్రు, గుంటక, కొడవళ్లు కడిగి వసారాలో పెట్టి పసుపూ కుంకుమా పూస్తే, అక్క తన పలకను తీసుకొచ్చి కొడవలి పక్కన పెట్టింది. నాయన దానికీ ఒక బొట్టు పెట్టాడు.

ఆ మరుసటి ఏడు అయ్యవారు 'స్కూలు' అనే మాట చెప్పాడు. ఎక్కడో గ్రీకుల దేశంలో పుట్టిందట. అక్కడ దానికి అర్థం తీరిక. పని లేనప్పుడు కూర్చుని మంచీ చెడ్డా మాట్లాడుకునేవాళ్లట, ఆ కూర్చున్న చోటుకే పోనుపోను ఆ పేరు నిలిచిందట. అక్క పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి వసారాలో కాయలు ఒలుస్తున్న నాయనకు ఆ మాట చెప్పింది. రెండేళ్లుగా వానలు లేక, అమ్మ చేతివేళ్లకు పుళ్లు లేచి, అక్కను బడి మాన్పించాలని నాయన అంతకు వారం ముందు నుంచే గొణుగుతున్నాడు. మాట విని, ఒలవడం ఆపి, అక్క వైపు చూశాడు.

"తీరికా? నేను చెప్పేదీ అదే గదమ్మా. తీరికుండేటోళ్లకి సదువు. మనకు యాడుండాది తీరిక?"

అక్క తెచ్చిన మాటే అక్క కాలికి అడ్డం పడింది. మర్నాడు అయ్యవారు మా ఇంటికి వచ్చాడు, వసారా అంచున కూర్చుని చాలాసేపు చెప్పి చూశాడు. నాయన ఆయన్ని మర్యాదగానే చూశాడు, మజ్జిగిచ్చాడు. "ముందు ఇత్తనం అయ్యవారూ, తర్వాత సదువు. ఇత్తనం లేకపోతే సదివి ఏం తింటాది?" అన్నాడు. పోయేటప్పుడు అయ్యవారు అక్క ఎదుట నిలబడి, అక్క ఒలిచిన నాలుగు పప్పులు అరచేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ చేటలోనే వేసి వెళ్లిపోయాడు.

అక్క ఏడవలేదు. రెండు రోజులు కాయలు ఒలిచి, మూడో రోజు నేను బడి నుంచి రాగానే నన్ను ఎడ్లు కట్టే గాడిపాడు వెనక్కి పిలిచింది.

"ఆదెప్పా, నీ పడి కాయలు గూడా నేనే ఒలుస్తా. నువ్వు పోయి ఆడుకో. దినామూ అయ్యవారు చెప్పే మాట మాత్రం నాకు తెచ్చియ్యాల. మరవగూడదు."

కాయలు ఒలవకుండా గోళీలాడుకోమంటే వద్దనేంత బుద్ధి నాకెక్కడిది? ఆ రోజు నుంచి సాయంత్రాలు నావి అయిపోయాయి. బడి వదలగానే రచ్చబండ దగ్గర గోళీలు, బొంగరాలు, పొద్దు గుట్టల మీదికి వాలినప్పుడు ఇంటికి వచ్చి అక్క ఎదుట గొంతుకూర్చుని మాట అప్పజెప్పడం. అక్క ఒలుస్తూనే వినేది. మాటను రెండుసార్లు చెప్పించుకునేది. తర్వాత తనలో తను పెదవులు కదిపేది. వసారాలో తడికాయల వాసన, చిటచిటమని పొట్టు చీలే చప్పుడు, అక్క చేటలో రెండు పడుల పప్పు, ఆ పక్కన ఉత్త చేతులతో నేను.

మొదటి అబద్ధం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు అయ్యవారు 'కాగితం' గురించి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా మనసంతా జేబులోని కొత్త గాజు గోళీ మీదే ఉంది. ఇంటికొచ్చాక అక్క అడిగితే మాట గుర్తుంది గానీ దాని ఊరు గుర్తు లేదు. తెలియదంటే పడి కాయలు నా నెత్తిన పడతాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అతికించాను. "కాగబెట్టి చేస్తారంట అక్కా. పాతగుడ్డలు పెద్ద కడవలో ఏసి కాగబెడతారంట. కాగింది గాబట్టి కాగితం." అక్క ఒలవడం ఆపి, ఎంత బాగుందో అన్నట్టు నవ్వింది. "అబ్బా, చూడు, మన ఇంట్లో మాటే!" అంది. నాకు భయం పోయింది. అబద్ధం ఇంత తేలికని, పైగా నిజం కంటే ఎక్కువ మెచ్చుకుంటారని తెలిశాక ఎవడాగుతాడు?

సున్నంతో గీస్తారు కాబట్టి 'సున్నా' అన్నాను. కన్నడంలో బడి అంటే కొట్టడం, అయ్యవార్లు కొడతారు కాబట్టి మన 'బడి' ఆ ఊరి నుంచి వచ్చిందన్నాను. తినేవాళ్లకు బలం ఇస్తుంది కాబట్టి 'బలపం' అని కూడా ఒకసారి అంటే, "అది రాయి పేరని అయ్యవారే చెప్పినాడే" అని అక్క అడ్డం వచ్చింది. "మళ్లీ సరిచేసి చెప్పినాడు" అన్నాను, కళ్లార్పకుండా. తను బడిలో చెవులారా విన్నదాన్ని కూడా నా మాట మీద మార్చుకుంది అక్క. తర్వాత ఏళ్లకు కడుపుతో ఉన్నప్పుడు పక్కింటి పిల్లల పలకల దగ్గర బలపం ముక్కలు ఏరుకుని తినేదని అమ్మ నవ్వుతూ చెబితే, నేను నవ్వలేకపోయాను.

ఏడాది తిరక్కముందే అయ్యవారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఎక్కాలు అప్పజెప్పించుకుని బస్సు వేళకు వెళ్లిపోయేవాడు. మాటలు లేవు, వాటి ఊర్లు లేవు. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. చెబితే గోళీలు పోతాయి. ఇంకా రెండేళ్లు, నేను ఐదు దాటి ముదిగుబ్బ హాస్టలుకు పోయేదాకా, రోజుకొకటి చొప్పున నేనే పుట్టించిన మాటలు అక్కకు ఇచ్చాను. విత్తనమప్పుడు ఒలిచేది, కోతలప్పుడు పీకిన చెట్ల నుంచి కాయలు పెరికేది, ఎప్పుడైనా రెండు పాళ్లు అక్కవే. బొటనవేళ్ల గోళ్లు చీలి, గోళ్ల పక్కన చర్మం లేచి, ఆముదం పూసిన గుడ్డపేలికలు చుట్టుకుని ఒలిచేది. అప్పటికే ఒక వేలికి గోరుచుట్టు. నేను చూశాను. చూసి కూడా ఆడుకోవడానికే పోయాను. పిల్లతనం అని సర్దిచెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా చాలా ఏళ్లు. కానీ ఆ పేలికలు నాకు కనబడ్డాయి, వాటిని చూసి ఒక్క పూటైనా "ఈ రోజు నేను ఒలుస్తాలే" అనలేదు.

బత్తలపల్లె పక్క ఒక ఊరికి అక్కను ఇచ్చారు. నేను చదివి, తెలుగు పంతులునయ్యాను. నా ఉద్యోగమే మాటలు, అందులో అబద్ధానికి తావు లేదు, నిఘంటువులు తిరగేయందే పిల్లలకు ఒక్క ముక్క చెప్పేవాణ్ణి కాను. అక్క ఇంటికి పోయినప్పుడల్లా గొర్రెల దొడ్డి దగ్గర మంచం వేసి, చెనిక్కాయలు వేయించి పెట్టి, "ఏమప్పా, కొత్త మాటలేం తెచ్చినావు?" అనేది. అసలైనవే చెప్పేవాణ్ణి, దోసిళ్లతో చెప్పేవాణ్ణి, పాతవి మాత్రం దిద్దలేదు. ఎందుకు దిద్దలేదంటే, ఒకటి దిద్దితే అన్నీ దిద్దాలి. అన్నీ దిద్దితే అన్నేళ్లూ నా పాలు కాయలు అక్క ఒలిచింది ఉత్త అబద్ధాలకేనని ఒప్పుకోవాలి. ఆ ఊళ్లో అక్కకు మంచి పేరు. ఏ పిల్లకు ఏ మాట సందేహం వచ్చినా "ఓబుళమ్మత్తను అడుగు" అనేవాళ్లు. బడి మాన్పించిన మనిషి అంత పెద్దరికం సంపాదించుకుందని లోపల గర్వంగానే ఉండేది, సిగ్గు లేకుండా.

రెండేళ్ల కింద అక్క కూతురు లక్ష్మి నాతో ఒక సంగతి చెప్పింది. బావ పోయిన ఏడాది దినానికి వెళ్లాను. వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిసుకుతూ, మాటల్లో మాటగా చెప్పింది.

"మా చిన్నప్పుడు ఊళ్లో ఆడోళ్లకి సదువు చెప్పే సెంటరు పెట్టిండ్రి మామా. మధ్యాన్నం పూట. అమ్మ ఎంత సంబరంగా పోయిందో. కొత్త పలక గూడా కొనుక్కునింది. పదిదినాలు పోయి మానేసింది."

"ఎందుకు?"

"కాగితం అనే మాట వచ్చిందంట. అమ్మ లేసి, కాగబెట్టి చేస్తారు గాబట్టి కాగితం అనిందంట. పక్కన కూర్చున్న మాబున్నిసాకు నవ్వాగలేదంట. 'కాగజ్ మా మాట గద అక్కా, మేము దినామూ అనేదే' అనిందంట. అందరూ నవ్విండ్రంట. చెప్పే ఆయమ్మ గూడా. ఎవురు చెప్పినారు నీకు అంటే, అమ్మ ఏమీ చెప్పలేదంట."

ఎవరు చెప్పారో అక్క అక్కడ చెప్పలేదు. ఇన్నేళ్లలో నన్ను కూడా అడగలేదు. తనకు సరిగ్గా గుర్తులేదనుకుందో, తమ్ముడు తెలుగు పంతులు, వాడి పేరు చెబితే వాడికి నగుబాటనుకుందో తెలియదు. లేచి దొడ్డి దగ్గరికి పోయాను. అక్క మేకపిల్లకు సీసాతో పాలు పడుతోంది. వయసు డెబ్బైకి దగ్గరపడింది, బొటనవేళ్ల గోళ్లు ఇప్పటికీ వంకరే. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. గోళీలు, కొత్త అయ్యవారు, రెండేళ్లు, అన్నీ. చెప్పేస్తే మనసు తేలికవుతుందని పెద్దలంటారు, అది చెప్పినవాడి సంగతే.

అక్కకు కోపం వచ్చుంటే బాగుండేది. మేకపిల్లను పక్కన దించి, సీసాను కొంగుతో తుడిచి, ఒకటొకటిగా అడగడం మొదలుపెట్టింది.

"సున్నా?"

"అబద్ధమక్కా."

"బలపం?"

"అది అయ్యవారు మొదట చెప్పిందే నిజం."

"కలం, రెల్లుపుల్ల?"

"నిజమే."

"స్కూలు? తీరిక అన్నది?"

"అది నిజమే అక్కా."

"అదొక్కటన్నా అబద్ధం గాకపాయ" అంది. మళ్లీ ఏవేవో అడిగింది. తరగతి, పద్దు, గంట. నలభై, యాభై మాటలు, నేను ఎప్పుడు చెప్పానో కూడా గుర్తులేనివి, ఏ రోజు ఏ చేట ఎదుట కూర్చుని చెప్పానో దానితో సహా తను దాచుకున్నవి. కొన్నింటికి నిజమన్నాను, కొన్నింటికి అబద్ధమన్నాను. చాలావాటికి ఏమనాలో నాకే తెలియలేదు, అవి అయ్యవారివో నావో నాకు తేలలేదు. అలా అన్నప్పుడల్లా అక్క తలూపేది. పోనుపోను అడగడం మానేసింది.

అప్పుడే లక్ష్మి మనవరాలు, మూడో తరగతి పిల్ల, పుస్తకం పట్టుకుని దొడ్డిలోకి వచ్చింది. "అవ్వా, గ్రంథం అంటే ఎందుకు గ్రంథం?" అని అడిగింది. అయ్యవారు ఆ మాట చెప్పిన రోజు అక్క నా పక్కనే కూర్చుని ఉంది. గ్రంథం అంటే ముడివేసింది, తాటాకులకు చిల్లిపొడిచి దారంతో కట్టి ముడివేసేవాళ్లు కాబట్టి. ఆ సాయంత్రం అక్క నాలుగు తాటాకులు కోసి, పురికోసతో ముడివేసి, మా అవ్వకు చూపించింది కూడా. అది నేను మోసుకొచ్చిన మాట కాదు, తన చెవులతో తను విన్నది.

అక్క ఆ పిల్ల తల నిమిరింది.

"నాకేం తెలుసు పాపా, నేను సదువుకోలేదు గదా. తాతనడుగు."

అరవై ఏళ్లలో ఆ మాట అక్క నోట నేను వినడం అదే మొదలు. పాప నా వైపు తిరిగింది. నేను చెప్పాను, ముడి గురించీ, తాటాకుల గురించీ, ఉన్నది ఉన్నట్టు. చెప్పి తలెత్తేసరికి అక్క దొడ్డి తలుపు తీసి, గొర్రెల్ని బయటికి తోలుతోంది.